కథకు ఊఁ కొట్టువారు

పెబ్బేరు పేరు చెప్పగనే పాలమూరు సీమవారికి శనివారపు సంత జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు రహదారిపై నున్న ఈ ఊరికి చుట్టుప్రక్కల పల్లెలనుండి ఎడ్లు, ఆవులు, గొఱ్ఱెలు, మేకలు వచ్చును. పలుపు ఒక చేతినుండి మఱియొక చేతికి పోవును. ఆ సంతలో పశువులతోపాటు మఱియొక సరకు కూడ చేతులు మారుచుండును. అది కథ. ఎద్దును కొన్నవాడు దాని పుట్టుపూర్వోత్తరములు విని పోవును; అమ్మినవాడు పొరుగూరి వింతలు మూటగట్టుకొని పోవును. ఈ సరకునకు వెల లేదు; దీనిని ఏ చిట్టాలోను వ్రాయరు.

మా బాల్యమున మాకు కథలు చెప్పినది మా అవ్వ. రాత్రి భోజనములైన పిదప వాకిట మంచము వాల్చి ఆమె కథ మొదలుపెట్టెడిది. దానికి ఒక నియమము కలదు. “బిడ్డా, ఊఁ కొట్టాలె. ఊఁ కొట్టకుంటే కథ నడువదు” అని ఆమె ముందే హెచ్చరించెడిది. ఆ చిన్న శబ్దము విలువ నాకు పెద్దయిన పిదప తెలిసినది. వినువాడు మేలుకొని యున్నాడని కథకు తెలియవలెను. చెప్పువారు ఎంతటివారైనను, ఊఁ అనువారు లేనిచో కథ ఆగిపోవును.

గుణాఢ్యుని గూర్చి ఒక ప్రాచీన గాథ కలదు. ఆయన బృహత్కథను ఏడు లక్షల శ్లోకములుగా రచించి శాతవాహన రాజునకు పంపెనట. రాజు దానిని తిరస్కరించెను. అప్పుడు గుణాఢ్యుడు అడవిలో అగ్నిని రగిల్చి, ఒక్కొక్క పత్రమును మృగములకు చదివి వినిపించి, నిప్పులో వేయుచుండెను. మృగములు మేత మాని కన్నీటితో వినినవి. రాజు తెలిసికొని పరుగున వచ్చునప్పటికి మిగిలినది ఒక లక్ష మాత్రమే. 11వ శతాబ్దమున కాశ్మీర కవి సోమదేవుడు తన కథాసరిత్సాగరమున ఈ వృత్తాంతము చెప్పియున్నాడు. గుణాఢ్యుని కథను కాల్చినది నిప్పు కాదు, వినువారు లేకపోవుటయే.

మన ఇండ్లలోను అట్టి నష్టము చప్పుడు లేకుండ జరుగుచున్నది. పాలమూరు కూలీలు దేశమందలి ఎన్నియో ఆనకట్టలకు, కాలువలకు, భవనములకు మట్టి మోసినవారు. వానలు లేని ఏండ్లలో తల్లిదండ్రులు దూర ప్రాంతములకు పనికి పోయిరి. వెంట పోయిన పిల్లలకు అవ్వయు, అవ్వ కథయు దూరమాయెను. ఊరిలో నిలిచిన ఇండ్లలో సయితము నేడు ఒకే కప్పు క్రింద నలుగురు నాలుగు ఫోనులు చూచుచున్నారు. చెప్పవలసిన అవ్వ ఉన్నది. ఊఁ అనువారే కఱవైరి.

ఈ కొఱతను తీర్చుటకు గ్రంథాలయము తగినచోటు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి తెలంగాణమున గ్రంథాలయము పుస్తకముల గది మాత్రమే కాదు; జనులు కూడి మాటలాడుకొను తావు. 1968 నుండి మన దేశమున ఏటేట నవంబరు 14 మొదలు 20 వఱకు గ్రంథాలయ వారోత్సవములు జరుగుచున్నవి. మొదటి దినమే బాలల దినోత్సవము.

కొన్నేండ్ల క్రిందట మా ప్రాంతపు గ్రంథాలయమొకటి ఆ వారములో ఒక సాయంకాలమును కుటుంబములకు కేటాయించెను. పిల్లలు తమ ఇంటి పెద్దలను తోడ్కొని రావలెను. ఇంట చెప్పుకొను కథ చెప్పవలెను. పుస్తకములోని కథ పనికిరాదు. నేనును చూడబోతిని. మనుమరాలి వెంట వచ్చిన ఒక ముసలమ్మ గడపకడనే నిలిచిపోయెను.

“నాకు చదువు రాదు నాయనా, ఈడ నాకేం పని?” అనెను.

గ్రంథపాలకుడు నవ్వి, “అవ్వా, నువ్వు కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాలకే వస్తయి. ఇది నీది. లోపలికి రా” అనెను.

ఆమె రాజుల కథ చెప్పలేదు. ఒక కఱవు ఏట ఆమె మామ ఇంటి ఎద్దును పెబ్బేరు సంతలో అమ్మెనట. మూడవనాటి తెల్లవాఱుజామున ఆ ఎద్దు తెగిన పలుపుతో వచ్చి పాత కొట్టము ముందు నిలిచెను. ఇంటిల్లిపాది ఏడ్చిరి. వచ్చిన సొమ్ము అప్పటికే తిండిగింజలకు ఖర్చయినది. ఎద్దును దాచుకొమ్మని ఒకరిద్దఱు చెప్పిరి. మామ దానికి కుడితి పెట్టి, మెడ నిమిరి, కొన్నవాని ఊరికి తానే నడిపించుకొని పోయెను.

అంతట వెనుకనున్న ఒక వృద్ధుడు లేచి, “మా ఇంట్ల గూడ ఇసువంటి ముచ్చటే చెప్పుతరు. కొన్న ఎద్దు పోయిందని మా నాయిన అమ్మినోణ్ణి తిట్టుకుంట కూసున్నడంట. అంతల్నే వాకిట్ల గంటల సప్పుడయిందంట” అనెను.

ఆ రెండు కథలలోని ఎద్దు ఒక్కటేనో, వేఱువేఱో ఎవరును చెప్పలేకపోయిరి. గ్రంథపాలకుడు రెంటిని ఒక నోటుపుస్తకమున వ్రాసికొనెను. మనుమరాలు అవ్వ చేయి పట్టుకొని, “ఇన్నాళ్లు నాకెందుకు చెప్పలే?” అని అడిగెను. “నువ్వు అడుగలే బిడ్డా” అని అవ్వ బదులు చెప్పెను.

అడుగకున్న ఏమగునో సురవరం ప్రతాపరెడ్డిగారు ఎఱిగియుండిరి. ఆయన నేటి జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతమువారు. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైనవారు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను మాట వినబడగా, ఆయన వాదముతో తృప్తిపడక ఊరూర విచారించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. కవులు అంతకుముందును ఉండిరి. అడిగి కూర్చినవారు లేకపోవుటచే లేనివారైరి. రాజుల యుద్ధములకు బదులు సామాన్యుల తిండి, బట్ట, ఆటపాటలను గూర్చి ఆయన వ్రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించెను.

బాలలారా! మీ ఇంటిలోను అట్టి చరిత్ర కొంత కలదు. మీ అవ్వ ఏ కఱవు చూచెనో, మీ తాత ఏ కాలువ త్రవ్వెనో అడుగుడు. వారు చెప్పుచుండగా ఊఁ కొట్టుడు. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వేసి వారి మాటలలోనే వ్రాయుడు. ఒక ప్రతిని ఇంట ఉంచి, మఱియొకటి మీ ఊరి గ్రంథాలయమునకు ఇండు. కథ కంచికి, మనము ఇంటికి అని పెద్దలు కథ ముగింతురు. కంచికి పోవు దారిలో అది గ్రంథాలయమున ఒక పూట విడిది చేసినచో, మీ తరువాత వచ్చువారు దానిని అక్కడ కలిసికొందురు.