తాబేలుకో వెచ్చని గూడు

డిసెంబరు వచ్చిందంటే అరకులో పొగమంచు ఓ పట్టాన విడవదు. తెల్లారి చాలాసేపటి దాకా కుంపటి దగ్గరి చోటు ఎవరూ వదులుకోరు. మనుషులు దుప్పట్లు కప్పుకుంటారు. కుక్క పొయ్యి పక్కకు చేరుతుంది. పిల్లి వెచ్చటి బూడిదలో ముడుచుకుంటుంది. మరి ఆ ఇంట్లో తాబేలు ఉంటే?

దానికి ఒంట్లో వేడి పుట్టించుకునే శక్తి లేదు. చుట్టూ గాలి చల్లబడితే తానూ చల్లబడుతుంది. తిన్నది అరగదు. ముక్కు కారుతుంది. అశ్రద్ధ చేస్తే న్యుమోనియా. తల లోపలికి లాక్కుని కదలకుండా పడి ఉంటే ‘పాపం, నిద్రపోతోంది’ అనుకుంటారు ఇంట్లోవాళ్లు. కుక్కలా మూలగదు, పిల్లిలా అరవదు. జబ్బు చేసిన సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

విశాఖ నుంచి బదిలీ మీద అరకు వచ్చిన కుటుంబమే ఉందనుకోండి. సముద్రపు ఒడ్డున ఉక్కపోతలో హాయిగా తిరిగిన తాబేలును, దాదాపు 900 మీటర్ల ఎత్తున్న లోయకు తెచ్చి అదే ప్లాస్టిక్ టబ్బులో ఉంచితే కుదరదు. దానికంటూ వెచ్చని గూడు కట్టాల్సిందే. అందుకు వేలకు వేలు పోయనక్కర్లేదు.

ముందు... అది ఏ తాబేలు?

గూడు సంగతి తర్వాత. ముందు ఆ తాబేలు ఇంట్లో ఉండొచ్చా లేదా తేల్చుకోవాలి. మనకు తాబేలంటే కూర్మావతారం. శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మంలో స్వామి కొలువైందే ఆ రూపంలో. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను చూసి దండం పెట్టుకునే భక్తులెందరో! ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందన్న నమ్మకమూ ఉంది. కలిసిరావడం మాట అటుంచితే, నక్షత్ర తాబేలును ఇంట్లో పెట్టుకుంటే కేసు తప్పదు. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూలులో చేర్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా.

ఇంత కఠినం ఎందుకంటే... మన దేశంలోని ఒకే ఒక్క అక్రమ వ్యాపార కేంద్రం నుంచి ఏటా కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లు తరలిపోతున్నాయని 2015లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైట్స్ ఒప్పందంలోనూ 2019లో దాన్ని మొదటి అనుబంధంలోకి మార్చారు. దారిలో దొరికినా, ఎవరైనా ఇచ్చినా అటవీశాఖకు అప్పగించడమే మార్గం. జాలిపడి అరకు అడవిలో వదిలేయడం మేలు కాదు. ఎండు పొదల నేలల్లో బతికే జీవికి చలి, తేమ నిండిన ఈ కొండలు పరాయివే.

పెంచుకునేందుకు వీలున్నవి సుల్కాటా లాంటి విదేశీ జాతులు. ఈ ఆఫ్రికా తాబేలు వివరాలను 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ‘పరివేష్’ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేని తాబేలును ఎంత చవగ్గా ఇస్తామన్నా కొనకూడదు.

పాత అల్మరా చాలు

పిల్ల సుల్కాటాకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న చెక్కపెట్టెతో మొదలుపెట్టొచ్చు. మూలన పడేసిన పుస్తకాల అల్మరాను వెల్లకిలా పడుకోబెట్టి, మధ్య అరలు తీసేస్తే సగం పని అయినట్టే. గోడలు అడుగుకు తగ్గకూడదు. పైన మూత పెట్టొద్దు, గాలి ఆడాలి. చేపల గాజుతొట్టి వద్దు. అద్దం అడ్డుందని తాబేలుకు తెలీదు, రోజంతా దాన్నే గుద్దుకుంటుంది.

అడుగున మందులు కలవని మట్టి, కొబ్బరి పొట్టు కలిపి నాలుగంగుళాల మందాన పరవాలి. ఉత్త ఇసుక పోస్తే తిండితోపాటు కడుపులోకి వెళ్తుంది. దాక్కోవడానికి సగానికి పగిలిన కుండను అంచులు నునుపు చేసి బోర్లించొచ్చు. నీళ్లకు లోతులేని మట్టి మూకుడు సరిపోతుంది.

పొదుపు పనికిరాని చోటు

కక్కుర్తి పడకూడనివి రెండే... వేడి, ఎండ. పెట్టెలో ఒక చివర వేడినిచ్చే బల్బు వేలాడదీయాలి. ఎల్ఈడీ వెలుగునిస్తుందే తప్ప వేడినివ్వదు. పింగాణీ హోల్డరు వాడాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. బల్బు కింద 32 నుంచి 35 డిగ్రీలు, రెండో చివర 25 డిగ్రీల దాకా ఉండాలి. అప్పుడే తాబేలు తనకు కావాల్సిన చోటు తాను వెతుక్కుంటుంది. రెండు చివర్లా రెండు థర్మామీటర్లు పెడితే అంచనాలతో పనిలేదు. రాత్రికి వెలుగు లేకుండా వేడినిచ్చే సిరామిక్ బల్బు మంచిది. కరెంటు పోతే వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన ఉంచి, పెట్టెపై సగానికి దుప్పటి కప్పాలి. కుంపటి పక్కన మాత్రం పెట్టొద్దు, పొగ దాని ఊపిరితిత్తులకు చేటు.

ఇక ఎండ. అందులోని అతినీలలోహిత కిరణాలు పడకపోతే డిప్ప మెత్తబడి వంకరపోతుంది. కిటికీ దగ్గర పెట్టాం కదా అంటే చాలదు... అవసరమైన ఆ కిరణాలను అద్దం చాలావరకు ఆపేస్తుంది. మంచు విడిచాక పెరట్లో, సగం నీడ ఉండేలా చూసి, ఎవరో ఒకరు కాపలా ఉండి తిప్పాలి. ఎండ రాని రోజులకు యూవీబీ దీపం కొనాల్సిందే. మొత్తం ఖర్చులో పెద్దది ఇదే. పైకి వెలుగుతున్నా కొన్ని నెలలకు అందులో సత్తువ తగ్గిపోతుంది. కంపెనీ చెప్పిన గడువుకు మార్చేయాలి.

తిండికి పెద్ద ఖర్చు లేదు. గరిక, పచ్చగడ్డి, ఎండుగడ్డి, మందార ఆకులు, పూలు. అన్నం, పాలు, రొట్టె పెట్టొద్దు. పిల్లలు తాబేలును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సాల్మొనెల్లా క్రిములు అంటుకునే ప్రమాదముంది.

పెట్టె చిన్నదవుతుంది

ఇప్పుడు అరచేతిలో ఇమిడే సుల్కాటా పెద్దదైతే 40, 50 కిలోలు తూగుతుంది. యాభై ఏళ్లకు పైగా బతుకుతుంది. అల్మరా పెట్టె మొదటి కొద్ది కాలానికే. ఆ తర్వాత కావాల్సింది పెరడు, గట్టి ప్రహరీ, వెచ్చని పాక. ఇప్పుడు కావాలని మారాం చేసే పిల్లలు రేపు చదువులకు వెళ్లిపోతారు. తాబేలు మాత్రం అమ్మానాన్నల దగ్గరే ఉంటుంది. మళ్లీ బదిలీ అయితే దాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎవరికి అప్పగించాలి? ఈ ప్రశ్నకు ఇంటిల్లిపాదీ కూర్చుని జవాబు చెప్పుకున్నాకే పెట్టె చేయించాలి. జవాబు దొరక్కపోతే... పూజగదిలో ఇత్తడి తాబేలు ఉండనే ఉంది. దానికి చలీ లేదు, ఎండా అక్కర్లేదు!