జావా హోమ్ దొరకలేదని ఎర్రక్షరాలు వస్తే

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ప్రాజెక్టులో మైక్రోస్కోపు ఫొటోలు ఉన్నవాళ్లు సేవ్ చేసి పెట్టుకోండి.

మేం ముగ్గురం ఒకటే హాస్టల్ గది, డిగ్రీ మూడో సంవత్సరం. మా ముగ్గురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ప్రాజెక్టుకి సికిల్ సెల్ తీసుకున్నాం. ఎందుకో ఈ గ్రూపులో చెప్పక్కర్లేదు. మాలో ఒకరి చెల్లికి అదే జబ్బు. కీళ్లనొప్పులతో రాత్రంతా ఏడుస్తుంటే గాలి సోకిందని ఏళ్లపాటు తాయెత్తులే కట్టారు.

పేర్లు తీసేసిన రక్తపు స్లైడ్ల ఫొటోలు మా సార్ ఇప్పించారు. అన్నీ సీజెడ్ఐ ఫైళ్లు, మామూలు ఫొటోల్లా తెరుచుకోవు. వాటిని ఆర్‌లోకి తేవడానికి ఆర్‌బయోఫార్మాట్స్ ప్యాకేజీ ఎంచుకున్నాం. అది ఆర్‌జావా మీద నిలబడుతుంది, ఆర్‌జావా ఏమో కంప్యూటర్లోని జావా మీద. కింద జావా సరిగా లేకపోతే పైన ఏదీ నడవదు.

మాకూ నడవలేదు. 'జావా హోమ్ కెనాట్ బి డిటర్మిన్డ్ ఫ్రమ్ ద రిజిస్ట్రీ' అని ఎర్రక్షరాలు. జావా లేదేమో అనిపిస్తుంది కానీ ఉంది! సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, అమ్మినాయన ఎప్పుడో వేసిన 32 బిట్ జావా. మా ఆర్ ఏమో 64 బిట్. విండోస్‌లో 2022లో వచ్చిన 4.2 నుంచి ఆర్‌కి 32 బిట్ లేనే లేదు. ఈ రెంటికీ పొసగదు. పాత జావా తీసేసి, 64 బిట్ ఓపెన్‌జేడీకే వేసి, జావా హోమ్‌కి ఆ ఫోల్డర్ దారి ఇచ్చి, ఆర్ మూసి తెరిచాం. లోడ్ అయింది. ఆ రోజు ముగ్గురి డేటా ప్యాకులూ ఖాళీ.

తర్వాత పెద్ద ఫైలు తెరవగానే 'అవుట్ ఆఫ్ మెమరీ'. జావా తన వంతు మెమరీ ఎంతో మొదలైనప్పుడే తీసుకుంటుంది, మధ్యలో పెంచితే వినదు. అందుకే ఆప్షన్స్‌లో జావా పారామీటర్స్ లైను, ప్యాకేజీ లోడ్ చేసే లైనుకి ముందే ఉండాలి. మా ల్యాప్‌టాప్ 4 జీబీదే, 2 జీబీ ఇచ్చాం. అదీ చాలకపోతే సబ్‌సెట్‌తో ఫొటోని ముక్కలుగా చదివించాం. నిజం చెప్పాలంటే ఖరీదైన ల్యాప్‌టాప్ కంటే ఈ ఒక్క కిటుకే మాకు ఎక్కువ పనికొచ్చింది.

కణాలు లెక్కపెట్టేది ఈబీఇమేజ్. దానికి జావాతో పని లేదు. ప్రతి కణానికీ ఇసెంట్రిసిటీ ఇస్తుంది: గుండ్రంగా ఉంటే సున్నాకి దగ్గర, కొడవలిలా సాగితే ఒకటికి దగ్గర. అతుక్కున్న రెండు కణాలు కూడా పొడుగ్గానే కనబడతాయి కాబట్టి వాటర్‌షెడ్‌తో ముందు విడదీయాలి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాం. ఇది జబ్బు ఉందో లేదో తేల్చే పరీక్ష కాదు. క్యారియర్‌గా ఉన్నవాళ్ల స్లైడు మామూలుగానే కనబడొచ్చు. మా ఊళ్లో ఒక మామయ్య ఫొటో పంపి 'మా పిల్లకి చూడండ్రా' అంటే, హెచ్‌పీఎల్‌సీ పరీక్షకే తీసుకెళ్లమని చెప్పాం.

ఉబుంటు వాడేవాళ్లు జేడీకే వేశాక టెర్మినల్లో సుడోతో 'ఆర్ సీఎండీ జావారీకాన్ఫ్' కొట్టి, ఆ తర్వాతే ఆర్‌జావా ఇన్‌స్టాల్ చేయండి. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి. స్క్రీన్‌షాట్‌లో చివరి లైను ఒక్కటే కాదు, ఎర్రక్షరాలన్నీ కనబడాలి.