నురగ చెప్పిన సంగతి

పోయిన ఏడాది పప్పుశనగ కోతల కాలములో మా సంఘములోని ఒక సహోదరుడు ఆరాధన ముగిసిన తరువాత మమ్మును పక్కకు పిలిచి, సిగ్గుపడుతూ ఒక మాట చెప్పారు. "అయ్యగారూ, ఒంటికి పోతే సబ్బునురగ మాదిరి వస్తాండాది. పొద్దున లేస్తే కండ్లు ఉబ్బుతాండాయి." వారి పాదము మీద వ్రేలితో నొక్కి చూశాము. గుంట పడి అట్లే నిలిచింది. మేము వైద్యులము కాము. అయినను అన్నీ తెలిసినట్లు మాట్లాడే అలవాటు మా వంటి బోధకులకు ఉన్నది. "ఉప్పు తగ్గించన్నా, కోతలు కానీ, చూద్దాము" అన్నాము. ఆ మాట మీద రెండు నెలలు గడిచిపోయాయి.

అప్పటికి వాపు మోకాళ్ల దాకా ఎక్కింది. వారి బావమరిది ఊరూరూ తిరిగే నాటువైద్యుని దగ్గర ఒక భస్మము పొట్లము తెచ్చి తినిపించాడు. చివరకు కర్నూలుకు తీసుకొని వెళ్లాము. మూత్రములో ప్రోటీను విపరీతముగా పోతున్నదన్నారు. వీపు వైపు నుండి సూదితో మూత్రపిండపు ముక్క తీసి పరీక్షించి, జబ్బు పేరు మెంబ్రేనస్ నెఫ్రోపతి అని చెప్పారు.

మేము ఆ బావమరిదిని నలుగురిలో గట్టిగా మందలించాము. కారణము లేకపోలేదు. పాదరసము కలిసిన నాటుమందులు తిన్నవారిలో ఈ జబ్బులోనే నెల్-1 అనే ఒక రకము కనబడుతున్నదని చెన్నై వైద్యులు 2022లో ప్రచురించారు. మందు మానివేసిన తరువాత వారిలో చాలామందికి తగ్గింది. కేరళలో కొందరికి ముఖము తెల్లబడే క్రీముల వలన కూడ ఇట్లే జరిగినది. ఇది వినియుండుట చేత తప్పు ఎవరిదో తేలిపోయిందనుకున్నాము.

తరువాత రక్తపరీక్ష వచ్చింది. డాక్టరుగారు కాగితము చూచి, "ఇది పొట్లము వలన వచ్చినట్టు లేదు. అయినా ఆ పొడి మళ్లీ ముట్టవద్దు" అన్నారు. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

వారు చెప్పినది మాకు అర్థమైనంత వ్రాస్తున్నాము. రక్తపింజర విషములోను, తేనెటీగ కొండిలోను ఫాస్ఫోలిపేజ్ అనే పదార్థమున్నది. మన శరీరములోని ప్రతి కణమునకు సన్నని కొవ్వుపొర గోడవలె ఉంటుంది. ఈ ఫాస్ఫోలిపేజ్ కత్తెరవలె ఆ కొవ్వును కత్తిరిస్తుంది. తెగిపడిన దానినుండి వాపు, మంట పుట్టించే రసాయనములు తయారవుతాయి. విషములోనే కాదు, మన ఒంట్లోను ఈ కత్తెరలున్నవి. దెబ్బ తగిలినప్పుడు, సూక్ష్మక్రిములు చొరబడినప్పుడు అవి పని చేస్తాయి. వాటిని పట్టుకొనే కొక్కెముల వంటివి కొన్ని కణముల మీద ఉంటాయి. వీటినే రిసెప్టర్లంటారు. మూత్రపిండములో రక్తమును వడగట్టే జల్లెడ కణముల మీద కూడ అటువంటి కొక్కెమున్నది.

మనలను కాపాడవలసిన రోగనిరోధక శక్తి ఒక్కొక్కరిలో పొరబడి, ఆ కొక్కెమునే శత్రువనుకుంటుంది. దాని మీదికి యాంటీబాడీలను పంపుతుంది. ఊరి కావలి కుక్క ఇంటివారినే కరిచినట్లు. జల్లెడ కన్నాలు పెద్దవై ప్రోటీను జారిపోతుంది. అదే ఆ నురగ. ప్రోటీను తగ్గిన రక్తము నీటిని పట్టి ఉంచలేదు, ఉప్పు కూడ ఒంట్లో నిలిచిపోతుంది, కాళ్లు వాస్తాయి. కొందరికి నరములలో రక్తము గడ్డకట్టే ప్రమాదము కూడ ఉన్నది.

ఈ సంగతి 2009లో అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన లారెన్స్ బెక్, డేవిడ్ సలాంట్ అను వైద్యులు, వారి తోటివారు బయటపెట్టారు. వేరే కారణమేదీ కనబడని ఇటువంటి రోగులలో నూటికి సుమారు 70 మందికి గురి ఈ కొక్కెమే. అంతకు ముందు ఎందుకు వచ్చిందని అడిగితే వైద్యులకే జవాబు లేదు.

సహోదరుని భార్య మమ్మును అడిగినది అదే. "ఏ పాపము చేసినామయ్యగారూ?" డాక్టరుగారి మాటలనే ఆమెకు వివరించి చెప్పాము. ఎవరూ చేయలేదమ్మా అన్నాము. మరుసటి ఆదివారము ఆ బావమరిది ఇంటికి వెళ్లి, నలుగురిలో అన్న మాటకు అతని ఎదుట క్షమాపణ అడిగాము. అతడు చాలాసేపు పలుకలేదు. తరువాత మజ్జిగ తెప్పించాడు.

ఈ జబ్బు సుమారు మూడింట ఒకరికి దానంతట అదే తగ్గుతుందట. అందుకని బాగా ముదరని వారిని బి.పి. మాత్రలు, నీరు తీసే మాత్రలతో కొన్ని నెలలు కనిపెట్టి చూస్తారు. మన సహోదరునికి అంత వ్యవధి లేదు. ఆ రెండు నెలలు మేమే పోగొట్టాము. రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షను ఇచ్చారు; అది యాంటీబాడీలను తయారుచేసే వంశపు కణములను అణచివేస్తుంది. కోతల్లో ఒళ్లునొప్పులకు మింగే బిళ్లలు ఇక వద్దన్నారు. అవి మూత్రపిండమునకు చెరుపు చేస్తాయి, ఈ జబ్బును కూడ తేగలవు.

ఒక నెమ్మది ఏమనగా, మందు పనిచేస్తే రక్తములో యాంటీబాడీలు ముందుగా తగ్గుతాయి, మూత్రములో ప్రోటీను తగ్గుటకు మరికొన్ని నెలలు పడుతుంది. వారి యాంటీబాడీలు ఇప్పుడు సగానికి పైగా తగ్గాయి. నురగ ఇంకా ఉన్నది. "కాగితము బాగైనాది అంటాండాది, నురగ లేదంటాండాది, ఏది నమ్మేది?" అని నవ్వుతారు. వచ్చే నెల మళ్లీ పరీక్ష. ఈసారి మేము కూడ రానవసరము లేదట, బావమరిది తోడు వెళ్తున్నాడు.