మురళి వాయించింది ఎవరు?

ఈ సెమిస్టర్ మా రైటింగ్ క్లాస్‌లో అసైన్‌మెంట్ ఇది: ఒక ఆల్బమ్ మీద తెలుగులో రివ్యూ రాయాలి, తర్వాత ఒకరిది ఒకరు చదివి కామెంట్లు, మార్కులు ఇవ్వాలి. మన కోడ్ రివ్యూ లాంటిదే. కాకపోతే కోడ్ తప్పయితే చాలాసార్లు రన్ అవ్వదు, అక్కడే దొరికిపోతాం. రివ్యూ ఎలా ఉన్నా రన్ అయిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లిష్‌లో ఆల్బమ్ అంటే పాడినవాళ్లది. మనకి ఆల్బమ్ అంటే సినిమా. అందుకే నాకొచ్చిన నాలుగు రివ్యూల్లో మూడు హీరో గురించే. "నెక్స్ట్ లెవెల్", "గూస్‌బంప్స్", "వైబ్" తీసేస్తే మిగిలేది సినిమా పేరే.

నాలుగోది మా ఫ్రెండ్‌ది. 1986లో వచ్చిన 'సిరివెన్నెల' మీద రాశాడు. కె. విశ్వనాథ్ సినిమా, కె.వి. మహదేవన్ సంగీతం, సీతారామశాస్త్రి గారికి ఇంటిపేరులా మిగిలిపోయిన సినిమా. వివరాలన్నీ కరెక్టే. ఒక్క వాక్యం దగ్గర ఆగాను: "హీరో మురళి వాయిస్తుంటే కళ్లు చెమర్చాయి." తెర మీద సర్వదమన్ బెనర్జీ, సరే. వినిపించేది హరిప్రసాద్ చౌరాసియా గారి వేణువు. పక్కన రాశాను: "వాయించింది హీరో కాదు. నువ్వు విన్నదాని గురించి ఒక్క ముక్క లేదేంట్రా?" పదికి ఐదు వేశాను.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు "సాయంత్రం మా ఇంటికి రా" అన్నాడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో మెట్రో దిగి ఆటో ఎక్కాం. పెద్ద బంగళాలు, కాఫీ షాపులు దాటాక ఫిలింనగర్ బస్తీ. రెండు గదుల ఇల్లు. గోడకి వేలాడుతున్న గుడ్డ సంచిలో వేణువులు, ఒక్కో శ్రుతికి ఒకటి. వాళ్ల నాన్నగారు ఇరవై ఏళ్లుగా సినిమా పాటలకి ఫ్లూట్ వాయిస్తున్నారట. వాడు నాకెప్పుడూ చెప్పలేదు.

"ఇప్పుడు కీబోర్డులోనే ఫ్లూట్ వచ్చేస్తోంది నాన్నా. పిలుపులు తగ్గాయి" అన్నారాయన, టీ గ్లాసు నా చేతికిస్తూ. "కీబోర్డుకి ఊపిరి అక్కర్లేదు. మాకు ఎక్కడ గాలి పీల్చుకోవాలో చూసుకోవాలి. అది వినేవాడికి తెలియకూడదు."

బయటికొచ్చాక అడిగాను, "ఇంత తెలిసి ఎందుకు రాయలేదురా?"

"రివ్యూ అంటే అందరూ రాసినట్టే ఉండాలనుకున్నా. మా ఇంట్లో మాటలు అందులోకి వస్తాయా?"

రెండో డ్రాఫ్ట్‌లో కళ్లు చెమర్చడం పోయింది. దాని బదులు, వేణువు ఎక్కడ ఊపిరి తీసుకుంటోందో వెతుకుతూ ఒకే పాటని ఎలా మళ్లీ మళ్లీ విన్నాడో రాశాడు. చదివాక నేనూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వెతికాను. ఇంకో క్లాస్‌మేట్ మాత్రం "మీ నాన్నగారి గురించి పెట్టు, టచింగ్‌గా ఉంటుంది" అని కామెంట్ పెట్టింది. వాడు ఒప్పుకోలేదు. "ఆయన ఈ పాటకి వాయించలేదు. వాయించనిచోట ఆయన పేరెందుకు?" అన్నాడు.

వాయించినచోట మాత్రం ఉంటోందా? మీ ఫోన్‌లో ఏదైనా పాట తెరిచి చూడండి. పాడినవాళ్లు, సంగీత దర్శకుడు కనిపిస్తారు. ఫ్లూట్ ఎవరిదో చాలా పాటలకి ఉండదు. అందుకే మా రివ్యూ ఫారంలో ఒక ప్రశ్న చేర్చమని మేడమ్‌ని అడిగాం: "ఈ పాటలో మీరు విన్న ఒక వాద్యం ఏది, ఎక్కడ?" మేడమ్ ఒప్పుకున్నారు.

వచ్చే వారం నా రివ్యూ వాడి చేతికి వెళ్తుంది. పదికి ఎన్ని వేస్తాడో చూడాలి.