నారిచ్ నగర సందర్శనము – కోటమాటయు, ఇంటిమాటయు

లండను నగరపు వింతలను గూర్చి వ్రాసినవారు పెక్కండ్రు గలరు. నేనును వారి త్రోవనే పోవుట రుబ్బిన పిండినే మరల రుబ్బుట యగును. కావున ఆ నగరమునకు ఈశాన్యముగా, రైలుమీద రెండుగంటల పయనములో నున్న నారిచ్ అను పట్టణమును గూర్చి విన్నవించెదను. ఆ పేరునడుమ నొక యక్షరమును వ్రాయుదురు గాని పలుకరు. నేను దానిని పలికి నా మనుమరాలిచేత నవ్వులపాలైతిని.

లండనులో కాపురమున్న నా కుమార్తెకు ఆనాడు ఉద్యోగపు పని యుండుటచే, పదునొకండేండ్ల యీ మనుమరాలే నాకు తోడు వచ్చినది. మేము తెలుగున నడిగిన దాని కెల్ల నిది ఇంగ్లీషున బదులు చెప్పును. కోపపడి లాభము లేదు. దానికి బడిలోను, వీధిలోను, స్నేహితురాండ్రతోను అదియే భాష. ఆ ఇంగ్లీషునకే స్వదేశమున నొకప్పుడు దిక్కులేని కాలము గలదని చూపవలెనని నా కోరిక.

స్టేషను వెలుపల వెన్సము అను చిన్న యేటిమీది వంతెన దాటి కొంతదూరము నడచినంతనే, ఎత్తైన మట్టిదిబ్బపై చదరపు కోట కానవచ్చును. చుట్టుప్రక్కల నెల్ల పల్లపుసీమ యగుటచే ఆ దిబ్బయే కొండవలె దోచును. అది దేవుడు పెట్టిన కొండ గాదు, మనుష్యులు పోసినది. 1066వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీని, ఫ్రాన్సుతీరమందలి నార్మండీ ప్రభువగు విలియము హేస్టింగ్సు యుద్ధమున గెలిచెను. ఇంగ్లీషురాజగు హెరాల్డు ఆ రణమునందే కూలెను. ఆ క్రిస్మసు పండుగనాడు విలియము పట్టము గట్టుకొనెను. అది మొదలు ఊరూర కోటలు లేచినవి. ఈ యూర 98 ఇండ్ల స్థలములు కోటపాలయ్యెనని 1086లో ఆతడే వ్రాయించిన డూమ్స్‌డే అను లెక్కల గ్రంథమువలన తెలియుచున్నది. ఆ యిండ్ల యిల్లాండ్రు బిడ్డల నెత్తుకొని యెచటికి పోయిరో ఆ లెక్కలో లేదు.

కోటకు దిగువ నున్న ప్రధాన దేవాలయమును 1096లో ప్రారంభించిరి. దానికి వలసిన తెల్లరాతిని సముద్రముమీదుగా నార్మండీలోని కాన్ పట్టణమునుండి తెప్పించిరి. రాజు వచ్చెను, ప్రభువులు వచ్చిరి, మతాధికారులు వచ్చిరి, తుదకు గోడరాయియు వచ్చెను. అట్టిచోట భాష మాత్రము మారక నిలుచునా?

అంతకుముందు ఇంగ్లీషుభాష నిరుపేద గాదు. 899లో చనిపోయిన ఆల్ఫ్రెడు రాజు, లాటినునుండి గ్రంథములను స్వయముగా ఇంగ్లీషున ననువదించెననియు, ననువదింపించెననియు చెప్పుదురు. ఏటేటి వృత్తాంతములను దేశభాషలోనే వ్రాయుట మఠములలో నాచారమై యుండెను. ఈ నారిచ్ కథయు నందు గలదు. 1075లో ఇచటి ప్రభువగు రాల్ఫు, ఎమ్మా యను కన్యను వివాహమాడి, ఆ పెండ్లివిందులోనే విలియముపై తిరుగుబాటునకు పన్నాగము పన్నెను. విందు పలువురకు చేటు తెచ్చెనని ఆ వృత్తాంతకారుడు ప్రాసగూర్చి వ్రాసినాడు. పెనిమిటి సముద్రముదాటి పోగా, క్రొత్తపెండ్లికూతురగు ఎమ్మా ఈ కోటను ముట్టడికి లొంగక కాపాడి, ప్రాణములకు అభయము పొందిన పిమ్మటనే విడిచిపెట్టెనట. పారాణి యారకముందే కోటకు కాపున్న ఆ పడుచును తలచుకొని నేను దిబ్బక్రింద కొంతసేపు నిలిచితిని.

ఆ వృత్తాంత రచనయు క్రమముగా నడుగంటెను. కొలువున ఫ్రెంచి, దేవాలయమున లాటిను. పదవి గోరువానికి ఇంగ్లీషుతో పని లేకపోయెను. పీటర్‌బరో మఠమున మాత్రము కొంతకాలము పట్టువిడువక వ్రాసిరి. 1154తో అదియు ఆగిపోయెను. ఇంగ్లండులోనే యుండి కథాకావ్యములు చెప్పిన మేరీ యను కవయిత్రియు ఫ్రెంచిలోనే చెప్పెను.

మధ్యాహ్నము అంగడికి పోయితిమి. డేనులు, నార్మనులకు ముందే యీ తీరమును దోచినవారు. 1004లో ఈ యూరినే తగులబెట్టినవారు. వారి కాలమున సంత, దేవాలయము ముందరి టూంలండు అను బయలునందు సాగెడిది. నార్మనులు దానిని కోటకు పడమర తమ పేటకు మార్చిరి. నేటికిని అచటనే సాగుచున్నది. కూరలు బేరమాడుచు నా మనుమరాలితో మాటలలెక్క వేసితిని. కోడిగ్రుడ్డునకు చెప్పు 'ఎగ్' డేనులది. 'నైఫ్' అనగా కత్తియు, 'హజ్బెండు' అనగా పెనిమిటియు ఆ జాతుల మాటలే! కిటికీకి చెప్పు 'విండో' వారి భాషలో గాలికన్ను. మన గవాక్షమునను కన్నే యున్నది గదా. ఆవును మేపునపుడు ఇంగ్లీషుమాట, దానిమాంసమును వడ్డించునపుడు ఫ్రెంచిమాట యని లోకమున ప్రసిద్ధి. ఈ విభజన యొక్కనాడే యేర్పడినది గాదని పండితు లందురు.

నన్ను మిక్కిలి యాకర్షించినది చుట్టరికముల సంగతి. తల్లి, తండ్రి, కొడుకు, కూతురు అను వానికి ఇంగ్లీషుమాటలే నిలిచినవి. ప్రాచీనకాలమున ఇంగ్లీషువారికిని మనకువలెనే పినతండ్రికొక మాట, మేనమామకొక మాట. మేనత్తకొకటి, పినతల్లికొకటి యుండెను. ఫ్రెంచినుండి 'అంకుల్', 'ఆంట్' వచ్చి ఆ భేదములను తుడిచిపెట్టినవి. మనకును వకీలు, దావా, రసీదు మున్నగునవి దొరలభాషలనుండి వచ్చినవే గాని, మేనమామను మాత్రమెవ్వరును తీసికొనిపోలేదు. ఇపుడు పట్టణపు బిడ్డలు అందరిని 'అంకుల్' అనుట చూచి కొంచెము భయపడుచున్నాను.

పద్యపు నడకయు మారినది. పూర్వపు ఇంగ్లీషుపద్యమున పాదములోని పదముల మొదటి ధ్వనులు కలియవలెను. మన యతికి దగ్గరిచుట్టము. పాదాంతప్రాస అచటచట నున్నను, సంప్రదాయమై నాటుకొన్నది లాటిను, ఫ్రెంచి పోకడలవలననే. 1400లో మరణించిన చాసరు కవి ఆ ప్రాసతో ఇంగ్లీషుకు క్రొత్తనడక నేర్పెను. ఆతని పేరు బడిపిల్లలందరెరుగుదురు.

ఆ నడిమి చీకటిలో ఇంగ్లీషు వచనమునకు ప్రమిదపట్టిన వారెవరు? పురుషులు పాఠశాలల లాటిను నేర్చిరి. స్త్రీలకు సామాన్యముగా నా చదువు లేదు. కావున స్త్రీలకై వ్రాయవలసినపుడు ఇంటిభాషనే వ్రాయవలసివచ్చెను. 13వ శతాబ్దారంభమున, దేవాలయపుగోడ నానుకొన్న గదిలో ఆజన్మాంతము ఏకాంతవాసము చేయు ముగ్గురు తోబుట్టువులకై 'ఆంక్రెన్ విస్సె' యను నియమగ్రంథమును ఒక మతగురువు రచించెను. పిల్లిని దక్క వేరుజంతువును పెంచరాదని అందొక విధి! అంత కఠినవ్రతమునను పిల్లిని మన్నించిన ఆ గురువు నాకు నచ్చినాడు. ఆ గ్రంథమును తరువాత ఫ్రెంచిలోనికిని, లాటినులోనికిని మార్చుకొనిరి.

సాయంకాలమునకు, మేము వచ్చిన పని యున్న చోటికి చేరితిమి. కింగ్ వీధి ప్రక్కసందులో నున్న సెయింటు జూలియను దేవాలయము చిన్నది. అచటి గదిలోనే అట్టి వ్రతము పూనిన యొక స్త్రీ నివసించెను. ఆమెను జూలియను అందురు. ఆ పేరు దేవాలయమునుబట్టి వచ్చినదే కావచ్చును. 1373 మేనెలలో, ముప్పదియేండ్ల ప్రాయమున, మరణాసన్నయై యున్నప్పుడు ఆమెకు కొన్ని దర్శనములు కలిగెను. ఆమె బ్రతికి, వానిని ఇంగ్లీషున వ్రాసెను. ఇరువదియేండ్లకు దాపుగా వాని యర్థమును చింతించి, మరల విపులముగా వ్రాసెను. మనకు తెలిసినంతవరకు ఇంగ్లీషుభాషలో గ్రంథము రచించిన మొదటి స్త్రీ యామెయే. లిన్ పట్టణమునుండి మార్జరీ కెంపు అను పదునాలుగురు బిడ్డల తల్లి వచ్చి ఆమె సలహా గైకొనెను. ఆ మార్జరీయు తరువాత తన జీవితకథను చెప్పి వ్రాయించెను. జూలియను పుస్తకమును 17వ శతాబ్దమున చేవ్రాతల నెత్తి కాపాడినవారును ప్రవాసమున ఫ్రాన్సుసీమలో నున్న ఇంగ్లీషు సన్యాసినులే.

ఆమె గ్రంథమున దేవునికి రెండు గుణములు జంటగా వచ్చుచుండును: 'హోమ్లీ', 'కర్టియస్'. మొదటిది 'హోమ్' అను ఇంగ్లీషు ఇంటినుండి పుట్టినది. ఇంటివానివలె చనువుగలవాడని భావము. రెండవది 'కోర్టు' అను ఫ్రెంచి కొలువునుండి వచ్చినది. కొలువు మర్యాద తెలిసినవాడని భావము. 98 ఇండ్లను మ్రింగిన కోటమాటయు, ఆ యిండ్లలోని మాటయు ఆమె కలమున నొకే పీటపై కూర్చున్నవి.

1942లో యుద్ధపు బాంబుచే ఆ దేవాలయము కూలెను. 1953లో మరల నిలిపిరి. గదిలోనికి పోవుటకు, 1942లోనే పాడైన వేరొక దేవాలయమునుండి రాతిద్వారమును తెచ్చి యమర్చిరి. అది నార్మనుల నాటి ద్వారము.

లోపల మే మిద్దరమే యుంటిమి. దర్శనములలో నొకదానిని నా మనుమరాలికి చెప్పితిని: సృష్టియంతయు నొక చిన్న గింజంతయై ఆమె యరచేతిలో నుండెనట. "హేజెల్‌నట్" అని అది అందించినది. దానికి తెలుగు అడిగినది. ఆ చెట్టు మన సీమలో లేదు. నాకు మాట దొరకలేదు.

"కుంకుడుకాయంత అనుకోవే" అంటిని.

"కుంకుడుకాయ అంటే ఏమిటి, అమ్మమ్మా?" అని తెలుగుననే యడిగినది. నురుగునుగూర్చియు, కంటమంటనుగూర్చియు, మా అమ్మ నా తలపై పోసిన వేణ్ణీళ్లనుగూర్చియు చెప్పుచు స్టేషనువరకు నడచితిని.