దూడ ఎక్కడ మేసింది?

హైదరాబాదులో నాంపల్లి స్టేషన్ దాటి రైలు ముందుకు పోదు. ఇంట్లో దెబ్బలు తిని కనబడ్డ రైలెక్కేసిన పిల్లవాడు ఇక్కడ దిగాల్సిందే. అటునుంచి అబిడ్స్ వైపు నడిచేవాళ్ళకు వాడు కొత్త కాదు. పన్నెండేళ్ళుంటాయేమో. పిడికిట్లో గుడ్డపేలిక, దాని మీద పంక్చర్లకు వాడే సొల్యూషన్. ముక్కుకు అదుముకుని గట్టిగా పీలుస్తాడు. కాసేపు ఆకలి తెలియదు, చలి తెలియదు. ఎవరైనా వద్దంటే బూతులు తిడతాడు.

“వాడి రక్తమే అంత, తండ్రి ఎలాంటివాడో!” అనేస్తారు చూసినవాళ్ళు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని సామెత కూడా అందుకుంటారు. సరే, మీరే చెప్పండి. దూడ చేలో ఎందుకు మేసింది? ఆవు కడుపున పుట్టినందుకా, ఆవు వెంట తిరిగినందుకా? తల్లిదండ్రులు జన్యువులూ ఇస్తారు, ఇల్లూ ఇస్తారు. రెండూ ఒకే చేతుల మీదుగా వస్తుంటే ఏది ఎంతో పైపైన చూసి తేల్చేస్తే ఎలా?

విడదీసి చూద్దామనే శాస్త్రవేత్తలు కవలల్నీ, దత్తత పిల్లల్నీ ఏళ్ళ తరబడి పరిశీలించారు. కుదురుగా కూర్చోలేని, దేనిమీదా మనసు నిలపలేని ఏడీహెచ్‌డీ సంగతే తీసుకోండి. పిల్లలకూ పిల్లలకూ మధ్య కనబడే తేడాలో దాదాపు ముప్పాతిక వంతు వారసత్వానిదేనంటారు. అది మొత్తం జనం మీద వేసిన లెక్క, ఒక్క పిల్లవాడి జాతకం కాదు. న్యూజీలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించారు. మెదడులోని కొన్ని రసాయనాలను విరగ్గొట్టే ఎంజైము కొందరు మగపిల్లల్లో ఒక జన్యువు తేడా వల్ల పుట్టుకతోనే మందంగా పనిచేస్తుంది. వాళ్ళలో చిన్నప్పుడు హింస అనుభవించినవాళ్ళు పెద్దయ్యాక దౌర్జన్యాలకు దిగడం ఎక్కువ. అదే జన్యువుండీ దెబ్బలెరగక పెరిగినవాళ్ళలో ఆ ఎక్కువ కనబడలేదు. 2002లో వచ్చిన ఫలితం ఇది. తర్వాతి అధ్యయనాలన్నీ ఇంత గట్టిగా చెప్పలేదు గానీ, ఇంటి పాత్రను మాత్రం ఎవరూ కొట్టిపారేయలేదు.

ఇల్లొక్కటే కాదు, గాలి కూడా ఉంది. 2000 ఫిబ్రవరి దాకా మన బంకుల్లో సీసం కలిపిన పెట్రోలు అమ్మేవారు. అబిడ్స్ సర్కిల్లో ఆ పొగ సరిగ్గా పిల్లల ముక్కు ఎత్తున వచ్చేది. ఒంట్లో సీసం చేరితే తెలివీ తగ్గుతుంది, కోపం వచ్చినప్పుడు తమాయించుకునే శక్తీ తగ్గుతుంది. అప్పట్లో మొండిఘటాలని ముద్రపడ్డ పిల్లల్లో ఆ పొగ బాధితులెందరో!

నేరం చేసి దొరికిన మైనరు విషయంలో వాడి ఇల్లెలాంటిది, బడి ఎందుకు మానేశాడు, సావాసాలేమిటి అని విచారించి నివేదిక రాయాలంటుంది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. మంచి ఏర్పాటే. నా బాధల్లా ఆ ప్రశ్నలు కేసయ్యేదాకా ఎవరూ అడగరనే. వాడు రైలు దిగిన పూటే అడగొచ్చు కదా. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయడానికి డబ్బులక్కర్లేదు. వాళ్ళొచ్చేలోగా పక్కన కూర్చుని, “ఏమన్నా తిన్నావా నాన్నా?” అనండి. ఇంటికి పంపించేస్తాననే మాట మాత్రం అనకండి. వాడు పారిపోయి వచ్చింది అక్కణ్ణుంచే.