కెమెరా పక్కన పెట్టాక

"అమ్మా, వీడియో పెట్టకపోతే ఇక లాభం లేదు. ఉత్త గొంతు ఎవరు వింటారు?" అంది మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి. అప్పటికి నా పాడ్‌కాస్ట్ పదకొండు ఎపిసోడ్లయింది. వినేది నలభై మంది, అందులో సగం మా చుట్టాలే. పన్నెండోది చెయ్యాలా, మానెయ్యాలా అని నేనూ ఊగిసలాడుతున్నాను.

అది అన్నదాంట్లో అబద్ధం లేదు. నెలకి వంద కోట్ల మందికి పైగా తమ దగ్గర పాడ్‌కాస్టులు చూస్తున్నారని 2025 ఫిబ్రవరిలో యూట్యూబ్ వాళ్ళు ప్రకటించారు. గూగుల్ వాళ్ళు తమ పాడ్‌కాస్ట్ యాప్‌ని 2024లో మూసేసి అందరినీ యూట్యూబ్ మ్యూజిక్‌కి వెళ్ళమన్నారు. వినడానికి పుట్టినది కాస్తా చూడ్డానికి మారిపోతోంది. ఇదే నాకు మింగుడు పడదు. చేతులు పిండిలో ఉన్నప్పుడు చెవులు ఖాళీగా ఉంటాయి కదా! మా అమ్మ విజయవాడ రేడియోలో ఆడవాళ్ళ కార్యక్రమం వింటూ బియ్యం ఏరుకునేది. నేనిప్పుడు కాలిఫోర్నియాలో ఉండే కిరణ్ ప్రభ గారి టాక్ షోలు వింటూ వంట కానిచ్చేస్తాను. స్క్రీన్ చూస్తూ కూర్చుంటే పోపు మాడుతుంది.

సరే, ఒకసారి అమ్మాయి మాట విందామని ఫోన్ స్టాండుకి తగిలించి మా అత్తయ్యగారి ఎదురుగా పెట్టాను. 1996 తుఫాను గురించి చెప్పమన్నాను. ఆవిడ పట్టుచీర కట్టుకొచ్చారు. కొంగు సర్దుకున్నారు. "అందరికీ నమస్కారమండి" అన్నారు. ఆ తర్వాత పావుగంటసేపు పేపర్లో వార్త చదివినట్టు చెప్పారు. ఆవిడలో ఆవిడే లేరు.

మర్నాడు కెమెరా తీసేసి, పరుపులూ దుప్పట్లూ పెట్టే చిన్న గదిలో ఇద్దరం చాప మీద కూర్చున్నాం. స్టూడియోలు మనకెందుకండీ, దుప్పట్ల గదిలో గొంతు ఖంగుమనదు. ఫ్యాన్ మాత్రం ఆపాలి, చెమట పట్టినా సరే. మైకు ఆవిడ జాకెట్టుకి తగిలించి, ఆ సంగతి ఆవిడ మర్చిపోయేదాకా వంకాయల ధరల గురించి మాట్లాడాను.

అప్పుడు చెప్పారు. దీపావళి నాలుగు రోజులుందనగా, నవంబరు 6 రాత్రి గాలి ఎలా అరిచిందో, తెల్లారేసరికి మా తోటలో చెట్లన్నీ ఒకే వైపుకి ఎలా పడుకున్నాయో. మళ్ళీ మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్ళు. అంబాజీపేట వ్యాపారి బయానా వెనక్కి అడిగాడట. అక్కడ ఆగి, గొంతు తగ్గించి, "అప్పుడే అమ్మాయ్, నా పుస్తెలతాడు తాకట్టు పెట్టాం. అతకడానికిచ్చామని అందరికీ చెప్పి, రెండేళ్ళు పసుపుతాడుతోనే తిరిగాను. అబ్బాయి కాకినాడలో చదువుతున్నాడు. ఆ ఫీజు అందులోంచే కట్టాం. వాడికి తెలిస్తే చదువు మానేస్తాడని చెప్పలేదు" అన్నారు.

తప్పు నాదే. ఆ రాత్రి ఎడిటింగ్ చేస్తూ, మంచి ముక్క దొరికిందన్న సంబరంలో మా వారి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టేశాను. ఆయన మొత్తం విని, ఏమీ అనకుండా లేచి వీధి అరుగు మీద కూర్చున్నారు. పొద్దున్న కాఫీ దగ్గర అత్తయ్యగారు కొడుకు ముఖం చూసి కనిపెట్టేశారు. "వాడికి వినిపించావా?" అని ఒక్క మాట అడిగారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా వారు మాత్రం ఆ రెండు రోజులూ పనీపాటా లేకపోయినా వాళ్ళమ్మ దగ్గరే కూర్చున్నారు.

మైకు పెట్టేముందు సరేనన్నారు కదా అని ఊరుకోకూడదని అప్పుడు తెలిసింది. ముందు చెప్పిన సరే, ఏం చెప్పబోతున్నారో వాళ్ళకే తెలియక చెప్పిన సరే. రికార్డింగ్ అయ్యాక వాళ్ళకే ముందు వినిపించాలి. వద్దన్నది తీసెయ్యాలి, అదే మొత్తానికి రుచైన ముక్కైనా సరే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మైకు ఏది కొనాలని నన్ను అడుగుతారు. నాది చవక రకమే, దానికి లోటేం రాలేదు. వారానికొకటి చేసితీరాలని కూడా పెట్టుకోకండి. పండగల్లో, పెళ్ళిళ్ళ సీజన్లో మనవల్ల కాదు. ఆ బెంగతోనే సగం మంది మానేస్తారు. కథలు చదవాలనుకుంటే మాత్రం రాసినవాళ్ళని అడిగి చదవండి.

మూడోరోజు ఆవిడకి మొత్తం వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు. "నా గొంతు మా అమ్మ గొంతులా ఉందే" అన్నారు. తాకట్టు సంగతి మాత్రం ఊళ్ళో వాళ్ళకి వద్దన్నారు. అది తీసేస్తే మిగిలేది గాలీ వానే. మొత్తం పక్కన పెట్టేశాను. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మా అమ్మాయి దగ్గర ఒకటి, రెండు కాపీలున్నాయి. అమ్మాయి అది విన్నాక వీడియో మాట ఎత్తలేదు. "నాన్నమ్మ ఇంకేం చెప్పింది?" అని అడుగుతోంది.

పన్నెండో ఎపిసోడ్ పనసపొట్టు మీద చేశాం. అత్తయ్యగారే పీట వేసుకుని కాయ కొట్టారు. మధ్యలో చెయ్యి ఆపి, మైకు వైపు వంగి, "కత్తి చప్పుడు పడుతోందా, ఇంకాస్త గట్టిగా కొట్టనా?" అని అడిగారు. అది తీసెయ్యలేదు.